సుట్టి ఎవరికి?

మే నెల మొదటి వారంలో మా సంఘం తరఫున ఐదుగురం షోలాపూర్ వెళ్ళాం. నగరం తూర్పు భాగంలో, మన తెలుగు నేత కార్మికులు ఉండే పేటల్లో, రెండు రోజులు ఉన్నాం. రైలు దిగేసరికే ఎండ మాడుస్తోంది. వీధిలోకి అడుగుపెట్టగానే మరమగ్గాల చప్పుడు ఎదురైంది. ఆ చప్పుడు మధ్యలోనే ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు, ముసలివాళ్ళు కునుకు తీస్తున్నారు. కాసేపటికి మేమూ గట్టిగా మాట్లాడటం మొదలుపెట్టాం.

షోలాపూర్ మహారాష్ట్రలో ఉన్నా ఈ పేటల్లో ఇంటి మాట తెలుగే. 19వ శతాబ్దంలోనే తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చాయి. తర్వాత తరాలుగా వస్తూనే ఉన్నాయి. మగవాళ్ళు ఎక్కువగా మరమగ్గాల మీద ఛద్దర్లు, టర్కీ టవళ్ళు నేస్తారు. ఆడవాళ్ళు ఎక్కువగా ఇళ్ళలో బీడీలు చుడతారు. షోలాపూర్ ఛద్దర్‌కూ టర్కీ టవల్‌కూ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే ఆ పేరుతో వేరే ఊరివాళ్ళు సరుకు అమ్ముకోకూడదు. సరుకుకు గుర్తింపు వచ్చింది. నేసిన మనిషి సంగతే మేము చూడాలనుకున్నాం.

ఒక ఇంట్లో కూర్చున్నాం. ఒకటే గది. మూలన ఇంటాయన పడుకుని ఉన్నాడు, రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు. గడప దగ్గర వెలుతురు పడేచోట ఒక పెద్దమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన తడిపిన తునికాకు మూట. ఆకు కత్తిరించడం, పొగాకు వేయడం, చుట్టడం, దారం కట్టడం, అంతా చేతులే చేసుకుపోతున్నాయి. చూపు మా వైపే ఉంది.

మాలో ఒక తమ్ముడికి అప్పుడే ఫోన్‌లో ఫొటోలు వచ్చాయి. వాళ్ళ అక్క ఇంగ్లండులో వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. అక్కడి తెలుగు సంఘం కుటుంబాలు నాలుగు కలిసి పల్లెటూళ్ళో ఒక పాత రాతి కుటీరం అద్దెకు తీసుకుని మూడు రోజులు గడిపాయట. దగ్గర్లో ఒక అడవి. చెట్ల కింద నేలంతా నీలిరంగు పూలు, చిన్న చిన్న గంటల్లా వేలాడుతున్నాయి. వాటిని అక్కడ బ్లూబెల్స్ అంటారు. ఆ పూల మధ్య సన్నటి కాలిబాట, దాని మీద నడుస్తున్న మనవాళ్ళు. ఫొటో నిజంగా బాగుంది. పెద్దమ్మకు చూపించాం.

ఆమె కాసేపు చూసి అడిగింది. "ఈ అడవిల ఏం ఏరుతరు బిడ్డా?"

"ఏమీ ఏరరు పెద్దమ్మా. ఊరికే నడుస్తారు."

"ఊరికేనా? పైసలు పెట్టుకొని పోయి ఊరికే నడుస్తరా?" అని నవ్వింది. వాళ్ళమ్మ చిన్నప్పుడు ఊరి పక్క అడవిలో తునికాకు తెంపేదట. అడవికి వెళ్ళడమంటే ఆమెకు తెలిసింది కూలికి వెళ్ళడమే.

"మరి మీకు సెలవు ఎప్పుడు పెద్దమ్మా?" అని అడిగాం.

"మాకేం సుట్టి బిడ్డా. సుట్టుడే మా సుట్టి."

షోలాపూర్ తెలుగులో మరాఠీ మాటలు కలిసిపోయి ఉంటాయి. మరాఠీలో సుట్టి అంటే సెలవు. మన తెలంగాణ మాటలో సుట్టుడు అంటే చుట్టడం. ఆమె హాస్యానికే అన్నది, మేమూ నవ్వాం. కానీ తిరుగు ప్రయాణంలో ఐదుగురం ఆ మాట గురించే మాట్లాడుకున్నాం. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

నీలిపూల బాట వెనక

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ ఫొటోలోని అక్క మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ముసలివాళ్ళను లేపి, స్నానం చేయించి, మంచం సర్ది, రాత్రిళ్ళు మేలుకుని ఉండే పని ఆమెది. ఆమెకు విశ్రాంతి కావాలి. బ్రిటన్ చట్టం ప్రకారం ప్రతి కార్మికుడికీ ఏడాదికి కనీసం 5.6 వారాలు జీతంతో సెలవు ఉంది. వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి అది 28 రోజులు. ఆ సెలవు ఉంది కాబట్టే ఆమె ఆ అడవిలో నడిచింది.

అయితే ఆ సెలవూ, ఆ బాటా ఎవరో దయతో ఇచ్చినవి కావు. వాటి వెనక ఉన్నవాళ్ళు కూడా నేతవాళ్ళే అని తెలిసినప్పుడు మాకు ఆశ్చర్యం వేసింది.

ఇంగ్లండు ఉత్తరాన లాంకషైర్‌లో కోల్న్ అనే ఊరు ఉంది. అప్పట్లో అది నూలు బట్ట నేసే మిల్లుల ఊరు. ఆ ప్రాంతంలో ఏడాదికి ఒక వారం ఊరి మిల్లులన్నీ మూసేవారు. ఆ వారానికి జీతం ఉండేది కాదు. కార్మికులు ఏడాది పొడవునా పైసా పైసా కూడబెట్టుకుని, ఆ వారం సముద్రతీర పట్టణాలకు వెళ్ళి ఖర్చుపెట్టి ఖాళీ జేబుతో తిరిగొచ్చేవారు. ఆ ఊళ్ళో కాంగ్రిగేషనల్ చర్చి పాస్టరుగా ఉన్న థామస్ ఆర్థర్ లెనార్డ్‌కు ఇది బాధ కలిగించింది. 1891 జూన్‌లో ఆయన తన సంఘ యువకులను ముప్పై మందిదాకా వెంటబెట్టుకుని సరస్సులు, కొండలు ఉన్న ఆంబుల్‌సైడ్‌కు తీసుకెళ్ళాడు. తక్కువ ఖర్చుతో బస, కలిసి భోజనం, కలిసి నడక. అందులోంచే రెండేళ్ళలో సహకార సెలవుల సంఘం పుట్టింది. ధనికులే చూసే కొండలను మిల్లు కార్మికులు కూడా చూశారు.

కానీ పాస్టరు చూపించిన దారి ఒక్కటే సరిపోలేదు. చాలా కొండలకూ అడవులకూ యజమానులు ఉండేవారు. పక్షుల వేట కోసం వాటిని మూసి ఉంచేవారు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపక్కల ఊళ్ళ కార్మిక యువకులు వందలమంది కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి అనుమతి లేకుండా నడిచారు. ఐదుగురికి జైలు శిక్ష పడింది. 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చింది. 1949లో జాతీయ ఉద్యానాల చట్టం వచ్చింది. ఇవాళ మన అక్క నీలిపూల మధ్య నడుస్తోందంటే, దాని కింద ఇంత చరిత్ర ఉంది.

ఆ రాతి కుటీరాల సంగతి కూడా ఇలాంటిదే. ఇంగ్లండులో బిబురీ అనే పల్లెలో ఆర్లింగ్టన్ రో అనే ఇళ్ళ వరుస ఉంది. ప్రపంచమంతటి నుంచి వచ్చి ఫొటోలు తీసుకునే చోటు అది. 14వ శతాబ్దంలో ఉన్ని నిలవచేసే కొట్టంగా కట్టారు, 17వ శతాబ్దంలో నేతవాళ్ళ ఇళ్ళుగా మార్చారు. ఒకప్పుడు మగ్గం ఆడిన ఇంట్లో ఇవాళ సెలవు గడుపుతున్నారు. మన దగ్గర మాత్రం కుటీరం అనగానే పక్కన పరిశ్రమ అనే మాట వచ్చి చేరుతుంది. కుటీర పరిశ్రమ అంటే ఏమిటో షోలాపూర్‌లో ఆ ఒక్క గది చూస్తే తెలుస్తుంది. అక్కడ ఇల్లే పనిచోటు. ఇంటికి వెళ్ళి విశ్రాంతి తీసుకుందామంటే పని అప్పటికే ఇంట్లో కూర్చుని ఉంటుంది.

లాంకషైర్ మిల్లుల పేరు ఎత్తినప్పుడు ఇంకొకటి దాచకూడదు. ఆ మిల్లు బట్ట మన దేశానికి వచ్చి పడినందువల్ల మన చేనేతలు ఎంతోమంది మగ్గం వదిలి వలస పోయారు. కోల్న్ కార్మికుడికీ మన నేతగాడికీ శత్రుత్వం లేదు. ఇద్దరినీ పిండిన వ్యాపారం ఒకటే. ఇద్దరిలో ఒకరికి సెలవు దక్కింది, మరొకరికి దక్కలేదు.

ఆదివారం ఎలా వచ్చింది

మన సంఘాల్లో చాలామంది ఆదివారం సెలవు తెల్లదొరలు, మిషనరీలు తెచ్చిపెట్టారని అనుకుంటారు. మిల్లు కార్మికుడి విషయంలో అది నిజం కాదు. బొంబాయి నూలు మిల్లుల్లో వారపు సెలవు లేకుండా పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గుంకేదాకా పనిచేయించిన రోజుల్లో, దాని కోసం పోరాడినవాడు నారాయణ్ మేఘాజీ లోఖండే. ఆయన జ్యోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక సమాజం మనిషి. ఆరు రోజులు తన కోసం పనిచేసిన మనిషికి ఒక రోజు సమాజం కోసం ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఆదివారం ఖండోబా దేవుడి రోజు కాబట్టి అదే ఇవ్వాలని వాదించాడు. ఏళ్ళ తరబడి విన్నపాలు, సభలు జరిగాక 1890 జూన్ 10న బొంబాయి మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఫ్యాక్టరీల చట్టంలోకి వారపు సెలవు వచ్చింది.

1890 జూన్‌లో బొంబాయి. 1891 జూన్‌లో కోల్న్. రెండు చోట్లా నూలు మిల్లులే. ఇక్కడి మనిషి వారంలో ఒక రోజు గెలుచుకున్నాడు. అక్కడివాళ్ళు ఏడాదిలో కొన్ని రోజులు కొండల మధ్య గడపడం మొదలుపెట్టారు. ఇక్కడ గెలిచిన ఆ ఒక్క రోజు కూడా నూట ముప్పై ఏళ్ళు దాటాక ఆ గడపలోని పెద్దమ్మ దాకా రాలేదు. ఇది మనల్ని కుదురుగా కూర్చోనివ్వకూడదు.

చట్టంలో ఉంది, చేతికి రాదు

సెలవు మన దేశ చట్టంలో లేకపోలేదు. రాజ్యాంగం 43వ అధికరణ చదవండి. కార్మికుడికి బతకడానికి తగిన కూలి మాత్రమే కాదు, తీరిక సమయాన్ని పూర్తిగా అనుభవించే పరిస్థితులు, సామాజిక, సాంస్కృతిక అవకాశాలు కలిగించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని అది చెబుతుంది. అదే అధికరణలో పల్లెల్లో కుటీర పరిశ్రమలను ప్రోత్సహించాలనీ ఉంది. మన పాలకులు రెండో సగాన్ని గుర్తుపెట్టుకున్నారు, మొదటి సగాన్ని మరిచారు.

1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పనిచేసినవారికి ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు ఇవ్వాల్సి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ ఆ 240 రోజులను 180కి తగ్గించింది. ఇది మంచిదే. కానీ కరెంటుతో యంత్రాలు నడిచే చోట పది మంది ఉంటే ఫ్యాక్టరీ అని పాత చట్టం అంటే, కొత్త కోడ్ ఇరవై మంది ఉండాలంటోంది. మరమగ్గాల షెడ్లు చాలావరకు చిన్నవి. మరమగ్గాల పరిశ్రమలో ఒకే షెడ్డును కాగితం మీద రెండు మూడు పేర్లుగా విడగొట్టడం కొత్త సంగతి కాదు. కాబట్టి సెలవు అర్హత సులువైంది, కానీ అది అందని మనుషులు ఇంకా ఉన్నారు.

బీడీ కార్మికుల కోసం 1966లో ప్రత్యేక చట్టం వచ్చింది. 2025 దాకా అమలులో ఉన్న ఆ చట్టం దృష్టిలో యజమాని దగ్గర ఆకు, పొగాకు తీసుకుని ఇంట్లో చుట్టేవారు కూడా ఉద్యోగులే. వారికీ ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు జీతంతో సెలవు అని అందులో రాసి ఉండేది. బీడీ యజమానులు సుప్రీం కోర్టు దాకా వెళ్ళినా 1974లో కోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. అయినా "సుట్టుడే మా సుట్టి" అని పెద్దమ్మ అంటోంది.

దీనికి కారణం ముక్కకూలి. మగ్గం మీద నేసినంతకు, చాటలో చుట్టినంతకు లెక్క. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చెయ్యి ఆగితే డబ్బు ఆగుతుంది. ఇలాంటి మనిషికి "రేపు సెలవు తీసుకోండి" అని చెప్పడమంటే "రేపు పస్తుండండి" అని చెప్పినట్టే. కరెంటు పోతేనో, నూలు అందకపోతేనో, ఒంట్లో బాగాలేకపోతేనో మగ్గం ఆగుతుంది. దాన్ని మనం సెలవు అనలేం.

"వాళ్ళకు ముందు అన్నం కావాలి, ఇల్లు కావాలి. విహారం గురించి మాట్లాడటం ఎగతాళి" అని మాతో ఒక పెద్దాయన అన్నారు. ఆయన మాట కాదనలేం. అన్నం, ఇల్లు ముందే. కానీ షోలాపూర్ బీడీ కార్మిక స్త్రీలు ఇల్లు ఎలా తెచ్చుకున్నారో చూడండి. పద్మశాలి కుటుంబంలో పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు, మాజీ ఎమ్మెల్యే నర్సయ్య ఆడం వెంట ఏళ్ళ తరబడి ఊరేగింపులు చేసి, ధర్నాలు చేసి సాధించుకున్నారు. 2006లో కుంభారి దగ్గర గోదూతాయి పరులేకర్ పేరుతో పదివేల ఇళ్ళ కాలనీని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. 2024 జనవరి 19న రేనగర్‌లో పదిహేను వేల ఇళ్ళను ప్రధాని నరేంద్ర మోదీ అప్పగించారు. పదివేల ఇళ్ళు అడిగినప్పుడు కూడా ఇది జరిగే పనా అన్నవాళ్ళు ఉండే ఉంటారు. పేదవాళ్ళు ఒకటి సాధించాక రెండోది అడగకూడదని ఎక్కడా లేదు. ఇల్లు వచ్చింది. ఆ ఇంట్లో చాట దించి కూర్చునే ఒక రోజు కూడా రావాలి.

ఇంకొకరు "చిన్న యజమాని ఎక్కడి నుంచి ఇస్తాడు?" అన్నారు. అదీ నిజాయితీగా ఆలోచించాల్సిన ప్రశ్నే. షోలాపూర్‌లో యజమానుల్లో చాలామంది కార్మికుల కులంవాళ్ళే, ఒకప్పుడు కార్మికులే. కొందరు సొంత మగ్గం మీద తామే నిలబడతారు. అయితే లెక్క చూద్దాం. ఇరవై రోజులకు ఒక రోజు అంటే కూలి మీద నూటికి ఐదు. టవల్ ధరలో నూలు, రంగు, కరెంటు, దళారి వాటా అన్నీ పోగా కూలి ఒక భాగం మాత్రమే. ఆ భాగంలో నూటికి ఐదు పెరిగితే టవల్ కొనేవాడికి పెద్ద తేడా తెలియదు. దాన్ని చిన్న యజమాని మీద మాత్రమే వేయమని మేము అనడం లేదు. కొనే వ్యాపారి, పెద్ద హోటలు, చివరికి తుడుచుకునే మనం, అందరం మోయాల్సిన ఖర్చు అది.

ఫరో దగ్గర పెట్టిన సెలవు చీటీ

విశ్రాంతి గురించి మనం ప్రసంగాలు చాలా విన్నాం. సబ్బాతు ఆజ్ఞను ఆదివారం గుడికి రావాలి అనే ఒక్క మాటకు కుదించేశాం. నిర్గమకాండము ఇరవయ్యో అధ్యాయం మళ్ళీ తెరవండి. ఆ విశ్రాంతి నీకూ నీ పిల్లలకూ అని చెప్పి ఆగలేదు. నీ దాసుడికీ, దాసికీ, పశువుకూ, నీ ఇంట ఉన్న పరదేశికీ అని పేరుపేరునా చెప్పింది. ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయం కారణం కూడా చెప్పింది: నువ్వు ఒకప్పుడు ఐగుప్తులో బానిసవు, అది మరిచిపోకు.

ఆ ఐగుప్తులో ఏం జరిగిందో నిర్గమకాండము అయిదో అధ్యాయంలో ఉంది. మోషే, అహరోను ఫరో దగ్గరికి వెళ్ళి మొదట అడిగింది శాశ్వత విడుదల కాదు. అరణ్యంలోకి మూడు రోజుల ప్రయాణం పోయి దేవునికి పండుగ చేసుకుంటామని అడిగారు. మా దృష్టిలో అది సెలవు చీటీ. ఫరో ఏమన్నాడు? మీరు సోమరులు, అందుకే ఇలా అడుగుతున్నారన్నాడు. గడ్డి ఇవ్వడం మానేశాడు, ఇటుకల లెక్క మాత్రం తగ్గించలేదు. రోజుకు ఇన్ని ఇటుకలు, రోజుకు ఇన్ని బీడీలు. పేదవాడు సెలవు అడిగితే సోమరి అనడం అప్పటి నుంచీ ఉన్నదే. ఆ మాట ఫరో నోటిది. విశ్వాసులమైన మన నోట రాకూడదు.

మార్కు సువార్త ఆరో అధ్యాయంలో యేసు తన శిష్యులను చూశాడు. వచ్చేపోయే జనంతో వాళ్ళకు భోజనానికి కూడా తీరిక లేదు. ఆయన వాళ్ళను ఏకాంతమైన చోటుకు వచ్చి కాస్త అలసట తీర్చుకోమన్నాడు. వాళ్ళలో చేపలు పట్టేవాళ్ళు, పన్ను వసూలు చేసినవాడు ఉన్నారు. అంత పని మధ్యలో కూడా వాళ్ళ అలసట ఆయనకు కనబడింది.

మన రిట్రీట్ల సంగతి

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. ప్రతి వేసవిలో మన సంఘాలు యువజన రిట్రీట్లు పెడతాయి. అరకు, హార్స్‌లీ హిల్స్, వికారాబాద్, అనంతగిరి. మేమూ వెళ్ళాం, మేమూ పెట్టాం. పొద్దున్నే చెట్ల కింద ప్రార్థన, మధ్యాహ్నం వాక్యం, సాయంత్రం నడక. గదిలో మంచం మీద తెల్లటి టర్కీ టవల్ మడతపెట్టి ఉంటుంది. అది ఏ ఊళ్ళో నేశారని మేము ఎప్పుడూ అడగలేదు.

మన సంఘ చరిత్రలోనూ ఈ తేడా ఉంది. 1845లో అమెరికన్ మిషనరీలు కొడైకెనాల్ కొండ మీద ఇళ్ళు కట్టుకున్నారు. మైదానాల్లో ఎండలకూ జ్వరాలకూ పిల్లలు చనిపోతున్న రోజులు అవి, వాళ్ళ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ దొరగారు కొండకు వెళ్ళిన వేసవిలో ఊరూరా తిరిగిన దేశీయ బోధకుడూ బైబిలు స్త్రీ కిందనే ఉన్నారు. విశ్రాంతి కొందరి అవసరం, పని మిగతావారి పిలుపు అన్నట్టు నడిచింది. ఆ అలవాటు ఇంకా మనలో పోలేదు. మన సంఘ పెద్దల ఇళ్ళలో పనిచేసే అమ్మాయికి మనం రిట్రీట్‌కు వెళ్ళిన మూడు రోజులు జీతం ఇస్తున్నామా, కోస్తున్నామా? ఎవరికి వారు జవాబు చెప్పుకుందాం.

షోలాపూర్ నేతవాళ్ళు పద్మశాలీలు, చాలామంది మార్కండేయుని కొలిచేవాళ్ళు, వాళ్ళ సంగతి మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కోస్తాలోనూ రాయలసీమలోనూ మాలపల్లెల్లో ముతక గుడ్డ నేసిన మగ్గాలు ఉండేవని పెద్దలను అడిగితే చెబుతారు. మన తాతల్లోనూ నేతవాళ్ళు ఉన్నారు. మగ్గం గుంటలోంచి మనం బడికి వెళ్ళాం, అక్కడి నుంచి ఉద్యోగానికి, ఇప్పుడు కొందరం నీలిపూల అడవిదాకా వెళ్ళాం. బానిసవుగా ఉన్న రోజు మరిచిపోకు అన్న మాట మనకు కూడా.

ఏం చేద్దాం

పెద్ద పెద్ద తీర్మానాలు మాకు వద్దు. చేయగలిగినవి కొన్ని చెబుతాం.

మొదటిది, మన ఇంట్లో, మన సంఘంలో, మన బడిలో, మన ఆసుపత్రిలో రోజుకూలికి పనిచేసేవాళ్ళకు జీతంతో సెలవు మొదలుపెడదాం. ఇరవై రోజులకు ఒకటి. చట్టం వర్తిస్తుందా లేదా అని చూడకుండా ఇద్దాం. మన గడపలో లేని న్యాయాన్ని వీధిలో అడగలేం.

రెండోది, ఈ ఏడాది రిట్రీట్‌కు మన ఊళ్ళోని నేత, బీడీ కార్మిక కుటుంబాలను కూడా పిలుద్దాం. షోలాపూర్ దూరమైతే సిరిసిల్ల ఉంది, మంగళగిరి ఉంది. మతం మార్చడానికి కాదు, మన వంట గదిలో పని చేయించుకోవడానికి కాదు. మనతో సమానంగా, అదే గదిలో, అదే బల్ల దగ్గర. ఒక్కటి మరవద్దు: బస్సు చార్జీ, భోజనం ఇచ్చినంత మాత్రాన వాళ్ళు రాలేరు. ఆ రెండు రోజుల కూలి కూడా బడ్జెట్‌లో రాయాలి. అది దానం కింద రాయకండి, సెలవు జీతం అని రాయండి.

మూడోది, లా చదివిన, చదువుతున్న యువత వారానికి ఒక సాయంత్రం ఈ పేటల్లో కూర్చోండి. బీడీ కార్మికుల గుర్తింపు కార్డు, హాజరు పుస్తకం, కూలి చీటీ లేకుండా సెలవు జీతం రుజువు కాదు. కాగితం ఉంటేనే హక్కు. అక్కడ పనిచేస్తున్న కార్మిక సంఘాలను పక్కన పెట్టి మనం కొత్త దుకాణం తెరవొద్దు. వాళ్ళ వెనక నిలబడదాం.

నాలుగోది, దూరపు పచ్చదనం గురించే కలలు కనకుండా దగ్గరది చూద్దాం. షోలాపూర్ దగ్గర్లోనే నాన్నజ్ గడ్డిమైదానం ఉంది. బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యంగా ప్రకటించారు. ఊరి పక్కనే హిప్పర్గా చెరువు ఉంది. తెలంగాణ అడవుల్లో ఫాల్గుణంలో మోదుగు పూస్తుంది. అప్పుడు కొమ్మలకు ఆకు దాదాపు ఉండదు, అడవి ఎర్రగా మండుతున్నట్టు ఉంటుంది. ఇంగ్లండు నీలిపూలు కూడా చెట్లు పూర్తిగా ఆకు వేసుకోకముందే, వెలుతురు నేల దాకా దిగే ఆ కొన్ని వారాల్లోనే పూస్తాయి. రెండు చోట్లా కాలం కొద్దిగానే ఉంటుంది. ఆ కొద్ది రోజుల్లో మనిషికి తీరిక లేకపోతే పువ్వు పూసిందో లేదో తెలియదు.

ఆ అడవి షోలాపూర్‌కు రావడం మాత్రం ప్రతి ఏడాదీ వస్తుంది. గోనెల్లో, తునికాకు కట్టలుగా వస్తుంది. ఆమె దాన్ని నీళ్ళలో తడిపి, కత్తిరించి, చుడుతుంది. తల్లి ఆకు తెంపింది, కూతురు ఆకు చుడుతోంది. ఇద్దరిలో ఒక్కరూ ఆ అడవిలో ఊరికే నడవలేదు.

బయలుదేరే ముందు పెద్దమ్మను అడిగాం. "వచ్చే ఫాల్గుణంలో మాతో రండి పెద్దమ్మా. మోదుగు పూలు చూసొద్దాం."

ఆమె చెయ్యి ఆపలేదు. "వస్త బిడ్డా, రానని ఎందుకంట? ఆనాడు వెయ్యి బీడీలు ఎవరు సుడతరు? ఆనాటి కూలి ఎవరిస్తరు?"

మా ఐదుగురిలో ఎవరమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాం. వచ్చే ఫాల్గుణానికి ఇంకా నెలలున్నాయి. ఈలోగా మన సంఘాలన్నీ కలిసి ఆమెకు జవాబు చెప్పగలగాలి.